రాత్రి తిరిగే చేపలను చూడటానికి ఏ లైటు: నీలమా, ఎరుపా, జీరో బల్బా, కెమెరానా?

కుహ్లీ లోచ్‌లు ఆరు తెచ్చి ట్యాంకులో వదిలిన వారానికి మా అమ్మ అద్దం ముందు నిలబడి, "గా పాము లెక్కున్న చేపలేవిరా, పైసలు వెట్టి ఇసుక కొనుక్కొచ్చినవా?" అన్నది. ఆమె తప్పేం లేదు. పగలు చూస్తే సన్నని ఇసుక, ఒక చెక్క మొద్దు, రెండు మొక్కలు, అంతే. ఆ రాత్రి నీళ్లు తాగడానికి లేచి ఫోను టార్చి వేస్తే ఆరూ బయటే ఉన్నాయి, అద్దం వెంబడి ఎగబాకుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ, మస్తు హుషారుగా. రెండు సెకన్లు చూశాను. మూడో సెకనుకి మళ్లీ ఇసుకే.

ఆ రెండు సెకన్లను గంట చేసుకోవడానికి ఏడాదిన్నరగా నాలుగు రకాల లైట్లు మార్చాను, కొన్ని పైసలు దండగయ్యాయి కూడా. హన్మకొండలో మాది కింది పోర్షన్, హాల్లో మూడడుగుల ట్యాంకు. అందులో కుహ్లీలు, సక్కర్ ఫిష్ చుట్టమైన ఒక బ్రిసిల్‌నోజ్, తలకిందులుగా ఈదే సైనోడాంటిస్‌లు రెండు ఉన్నాయి. మీ ఇంట్లో సక్కర్ ఫిష్ ఉన్నా, బ్లాక్ ఘోస్ట్ ఉన్నా, చెరువు నుంచి తెచ్చిన జెల్లలు ఉన్నా లెక్క పెద్దగా మారదు. నా తీర్పు ముందే చెప్పేస్తా: రంగు గురించి జనం కొట్లాడుకున్నంత అవసరం లేదు, లైటు ఎంత మసకగా ఉంది, ఎటునుంచి పడుతోంది, ఎన్నింటికి ఆరుతోంది అనేవే ముఖ్యం. కానీ దుకాణానికి పోతే అందరం ముందు అడిగేది రంగే కాబట్టి దాని సంగతీ వదలను.

టార్చి ఎందుకు పనికిరాదో తెలిస్తే మిగతాది సులువు. మన కంటికి వెలుగు తగలగానే కంటిపాప చిన్నదవుతుంది, అదీ చాలకపోతే రెప్ప మూస్తాం. చాలా చేపలకు రెప్ప లేదు, కంటిపాపా పెద్దగా ముడుచుకోదు. కంటి లోపలి పొరలో చీకట్లో పనిచేసే కణాలు, వెలుతురులో పనిచేసే కణాలు, వాటి మధ్య ఉండే నల్లటి పదార్థం ముందుకీ వెనక్కీ జరిగి సర్దుకోవాలి, దానికి అరగంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంటే చీకటికి అలవాటు పడిన చేప మీద టార్చి వేయడం, రాత్రి హంటర్ రోడ్డు మీద ఎదురొచ్చే లారీ మన కళ్లల్లోకి హై బీమ్ కొట్టినట్టు. సక్కర్, బ్రిసిల్‌నోజ్ కుటుంబానికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. వాటి కంటి పైభాగం నుంచి చిన్న నాలుక లాంటి మడత కంటిపాప మీదికి దిగుతుంది, వెలుతురులో చూస్తే ఆ నల్లటి భాగం గుర్రపు నాడాలా కనిపిస్తుంది, చీకటి పడ్డాక మడత చిన్నదై కంటిపాప గుండ్రంగా అవుతుంది. మీ దగ్గర ఈ చేప ఉంటే వేరే మీటరు అక్కర్లేదు, మీరు వేసిన లైటులో దాని కన్ను ఇంకా నాడాలాగే ఉందంటే వెలుతురు ఎక్కువైనట్టే.

మరి ఎంత తక్కువ? వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, నిండు పున్నమి వెన్నెల పావు లక్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది, మన హాల్లో ట్యూబ్‌లైటు కింద వంద, రెండు వందల లక్స్ ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా చూస్తే మనం 'మసక' అనుకునేది చేపకు ఇంకా సాయంత్రమే. ఫోను యాప్‌లు ఇంత తక్కువ వెలుతురును సరిగ్గా కొలవలేవు, సున్నా అనో ఒకటి అనో చూపించి ఊరుకుంటాయి. నేను చేసేది వేరు: లైటు పెట్టి, మిగతావన్నీ ఆర్పేసి, పదిహేను నిమిషాలు కూర్చుని, ట్యాంకు పక్కన దినపత్రిక పట్టుకుంటా. పెద్ద హెడ్డింగు తెలియాలి. కింద వార్త కూడా చదవగలిగితే ఎక్కువైంది.

ఆ పదిహేను నిమిషాలు ఊరికే కాదు. మన కళ్లకు చీకటి పూర్తిగా అలవాటు కావాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. లైటు కొన్న మొదటి రోజు అందరం చేసే పొరపాటు ఇదే, ట్యూబ్‌లైటు ఆర్పిన మరుక్షణం ట్యాంకు వైపు చూసి "ఏం కనిపిస్తలేదు" అని పవర్ పెంచేస్తాం, తీరా పది నిమిషాల తర్వాత అదే లైటు మన కంటికి సంతలా ఉంటుంది, చేపలేమో మొద్దు కిందే ఉంటాయి. మధ్యలో ఫోను తీసి చూస్తే కథ మళ్లీ మొదటికి. ఇంకొకటి, చీకట్లో చేపను సూటిగా చూడకండి, కొంచెం పక్కకు చూడండి. మన కంటి సరిగ్గా మధ్యభాగంలో చీకటి కణాలు ఉండవు, అందుకే పక్కచూపులోనే బాగా తెలుస్తుంది.

ఇక నీలం. రెడీమేడ్ ట్యాంకు లైట్లలో చాలావాటికి తెల్లవి, నీలివి కలిపి ఉంటాయి, ఒక బటన్ నొక్కితే నీలివి మాత్రమే వెలుగుతాయి, దానికి 'మూన్‌లైట్' అని పేరు. కొత్తగా పైసా ఖర్చు లేదు, దీని పెద్ద లాభం అదే. వెన్నెల నీలంగా ఉంటుందన్నది మాత్రం మన కంటి మాయ. చంద్రుడి మీద పడి వచ్చేది ఎండే, పైగా అసలు ఎండ కంటే కాస్త ఎరుపు వైపే మొగ్గి ఉంటుంది. మసకలో మన కన్ను నీలం, ఆకుపచ్చల వైపు ఎక్కువ స్పందిస్తుంది కాబట్టి మనకు నీలంగా తోస్తుంది. ఇదే కారణంగా చాలా తక్కువ నీలం లైటు పెట్టినా మనకు ట్యాంకు తెలుస్తుంది, ఈ లెక్కలో నీలం మంచిదే.

చిక్కు ఎక్కడంటే, కనిపించేది ఏమిటన్న దగ్గర. కుహ్లీకి ఒంటి మీద నలుపు, నారింజ పట్టీలు ఉంటాయి కదా, నీలం వెలుతురులో నారింజ కూడా నల్లగానే పోతుంది, పట్టీలన్నీ కలిసిపోయి ఒక ముదురు తాడు కదిలినట్టు ఉంటుంది. పైగా నీలం మన కంటిలో సరిగ్గా ఫోకస్ కాదు, అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. మీకు చేప కదలిక చాలనుకుంటే పర్వాలేదు, చేపను చేపలా చూడాలంటే నీలం నాకు నచ్చలేదు. ఇంకో సంగతి, మంచినీటి చేపల చీకటి కణాలు ఆకుపచ్చ వైపు ఎక్కువ పనిచేస్తాయి, నీలం దానికి మరీ దూరమేం కాదు, కాబట్టి 'మూన్‌లైట్' అని రాసినంత మాత్రాన చేపకు అది తెలియదని అనుకోవద్దు. నేను ఒకసారి అది అందంగా ఉందని పది రోజులు తెల్లవార్లూ వదిలేశాను. కుహ్లీలు రాత్రి కూడా బయటకు రావడం మానేశాయి. ఆర్పేశాక నాలుగో రాత్రికి గానీ మామూలు కాలేదు.

ఎరుపు గురించి అందరూ చెప్పే మాట, "చేపలకు ఎరుపు కనబడదు" అని. సముద్రపు లోతుల్లో ఉండే చేపల్లో చాలావాటికి నిజమే, నీళ్లలో కిందికి పోయేకొద్దీ ముందు ఎరుపే మాయమవుతుంది. కానీ మన భద్రకాళి చెరువో ధర్మసాగరమో తలుచుకోండి, ఆకుపచ్చగానో బురదగానో ఉండే నీళ్లలో ముందు పోయేది నీలం, లోపలికి చేరేది పసుపు, ఎరుపు వైపు వెలుతురు. అందుకే మంచినీటి చేపల్లో చాలావాటి కళ్లు ఎరుపు వైపు జరిగి ఉంటాయి. గోల్డ్‌ఫిష్ కంట్లో ఎరుపు కణాలు 620 నానోమీటర్ల (వెలుతురు అల పొడవును, అంటే దాని రంగును చెప్పే అంకె ఇది) చుట్టూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి, అంటే మామూలు ఎర్ర ఎల్‌ఈడీ ఇచ్చే వెలుతురు సరిగ్గా అక్కడే. అదీ మన బొచ్చె, రవ్వల కుటుంబమే మరి.

అయినా నేను ఎరుపును కొట్టిపారేయను. రాత్రి చేప నడిచేది చీకటి కణాల మీద, వాటికి ఎరుపు బాగా తక్కువ తెలుస్తుంది, 660 నానోమీటర్ల ముదురు ఎరుపైతే ఇంకా తక్కువ. మొక్కలు పెంచడానికి అమ్మే బల్బుల్లో ఈ ముదురు ఎరుపు దొరుకుతుంది, మామూలు డెకరేషన్ సీరియల్ లైట్లలో ఉండేది 620, 630ది. కొనేటప్పుడు అట్ట మీద ఈ అంకె చూడండి, లేకపోతే ఎరుపు అన్నది ఒక్కటే అనుకుని తెచ్చుకుంటారు. ఇక చూపు విషయంలో కుహ్లీలకు ఎరుపును మించింది లేదు, నారింజ పట్టీ తెల్లగా వెలుగుతుంది, నలుపు నలుపుగానే ఉంటుంది, ఒక్కో చేపను లెక్కపెట్టొచ్చు. మన కళ్లకు అలవాటైన చీకటి కూడా చెడదు. లోపం ఒకటే, మన చీకటి కణాలకు కూడా ఎరుపు సరిగ్గా తెలియదు కదా, కాబట్టి నీలం కంటే లైటు కొంచెం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, ఆ 'కొంచెం' దగ్గరే చాలామంది హద్దు దాటి హాలును ఫోటోలు కడిగే గదిలా మార్చేస్తారు.

ఖర్చు లేకుండా ఎరుపు ప్రయత్నించాలంటే వినాయక చవితి మండపాల్లో ఫోకస్ లైట్లకు చుట్టే ఎర్ర జిలేటిన్ పేపరు తెచ్చుకుని, చిన్న ఎల్‌ఈడీ టార్చికి రెండు మూడు మడతలు చుట్టండి. ఒక్క మడతకు తెల్ల వెలుతురు బాగానే కారుతుంది. పాతకాలం వేడెక్కే బల్బుకు మాత్రం చుట్టొద్దు.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు నేను చెప్పేది జీరో బల్బు. పేరుకే జీరో, పాత గాజు జీరో బల్బులు పన్నెండు, పదిహేను వాట్లు తాగేవి, పాత మీటర్లు అంత చిన్న వాడకాన్ని పట్టించుకునేవి కావు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఎల్‌ఈడీవి అర వాటువి, వంద రూపాయల లోపే. పసుపుగా, వెచ్చగా వెలిగేది తీసుకోండి. దాన్ని ట్యాంకు నెత్తి మీద కాకుండా ట్యాంకు వెనకో పక్కనో, గోడ వైపు తిప్పి పెట్టండి, గోడకు తగిలి తిరిగి వచ్చే వెలుతురే ట్యాంకులో పడాలి. ఇంకా ఎక్కువ అనిపిస్తే బల్బుకు ఒక పేపరు అడ్డం పెట్టండి, లేదా పక్క గదిలో పెట్టి తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి. మీరు కూర్చునే వైపు మాత్రం చీకటిగానే ఉండాలి, లేకపోతే అద్దంలో చేపలకు బదులు మీ ముఖం, సోఫా, ఫ్యాను కనిపిస్తాయి. రంగులు ఉన్నవి ఉన్నట్టు తెలుస్తాయి, బ్రిసిల్‌నోజ్ ఒంటి మీది చుక్కలు సహా. నీలం, ఎరుపుల మీద వేలు పోసే ముందు వారం రోజులు దీంతో చూడండి, సగం మందికి ఇంకేదీ అక్కర్లేదు.

అంతకంటే ముందు ఒక రాత్రి ఏ లైటూ లేకుండా కూర్చోండి. మా కింది పోర్షన్‌కు గల్లీలోని వీధి దీపం కిటికీలోంచి వస్తుంది, పరదా సగం తీస్తే అదే సరిపోతుందని నాకు ఆర్నెల్ల తర్వాత గానీ తట్టలేదు.

రిమోటుతో పదహారు రంగులు మార్చే స్ట్రిప్‌ల గురించి రెండు మాటలు చాలు. మూడు, నాలుగు వందలకు వస్తాయి, పిల్లలకు నచ్చుతాయి, కానీ వాటి అతి తక్కువ వెలుతురు కూడా మన పనికి ఎక్కువే. ఇప్పటికే కొని ఉంటే పారేయకండి, కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు తీసుకుని ముప్పై చుక్కల్లో ఇరవై ఏడు మూసేసి, మూడు మాత్రం వదలండి. నేను ఒక దుకాణంలో 'వాటర్‌ప్రూఫ్' అన్నారని మూత లోపలివైపు అంటించాను, రెండు నెలలకే తేమకు జిగురు ఊడి ఒక కొస నీళ్లలో వేలాడింది. ఐదు వోల్టులది కాబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి లోపల ఏదీ పెట్టను, మూత మీద పైనుంచే పెడతాను. దేనికైనా సరే, వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచండి, వైరు వెంట కారిన చుక్క సాకెట్‌లోకి పోకుండా కిందే పడుతుంది.

కెమెరా సంగతి వేరు. అసలు చేపకు ఏమీ తెలియకుండా రాత్రంతా ఏం చేస్తుందో చూడాలంటే ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపుకు అవతల, మన కంటికి దాదాపు కనిపించని వెలుతురు) ఉన్న ఇంటి సీసీ కెమెరా ఒక్కటే దారి. నేనూ కొన్నాను, మొదటి రాత్రి ఫోనులో చూస్తే తెల్లటి గుండ్రం తప్ప ఏమీ లేదు. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైటు ట్యాంకు అద్దానికి తగిలి నేరుగా కెమెరాలోకే తిరిగి వస్తుంది. ఉపాయం ఏమిటంటే, కెమెరా సెట్టింగ్‌లో దాని సొంత లైటు ఆర్పేసి రాత్రి మోడ్ మాత్రం ఉంచాలి, విడిగా ఒక ఇన్‌ఫ్రారెడ్ లైటు కొని ట్యాంకు పైనుంచి కిందికి కొట్టాలి. కొన్ని కెమెరాల్లో లైటును విడిగా ఆర్పే వీలు ఉండదు, ఇది కొనేముందే అడగండి, లేదంటే లైటు చుక్కల మీద నల్ల టేపు అంటించుకోవాలి.

ఆ విడి లైటులో కూడా రెండు రకాలు ఉంటాయి, 850 నానోమీటర్లది, 940ది. 940ది మన కంటికి అసలు కనిపించదు కాబట్టి అదే మేలని అమ్మేవాళ్లు చెబుతారు, ఇంటి గేటు దగ్గర పెట్టడానికైతే నిజమే. నీళ్లకు మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే ఆ వెలుతురును నీళ్లే మింగేస్తాయి, అడుగు లోతు దాటేసరికి నూటికి ఒక వంతు కూడా మిగలదు. 850ది అదే అడుగు లోతులో పావు వంతు వరకు మిగులుతుంది. లైటు దగ్గర చిన్న ఎర్రటి మినుకు కనిపిస్తుంది, అంతే. చవక కెమెరాలు మరీ దగ్గరి వాటి మీద ఫోకస్ కావు, కనీసం రెండడుగుల దూరంలో పెట్టుకోండి. బొమ్మ నలుపు తెలుపుల్లోనే వస్తుంది. కెమెరాకు రెండు వేల చుట్టూ, లైటుకు అదనంగా, ఇంత పెట్టి చివరికి ఫోను తెరలో చూడటమేనా అంటే, రోజూ సరదాగా చూసేవాడికి నేను వద్దనే అంటాను. గుడ్లకు కాపలా ఉన్న బ్రిసిల్‌నోజ్ మగది గుహలో ఏం చేస్తుందో, రాత్రి ఎవరు ఎవరి రెక్కలు కొరుకుతున్నారో తెలుసుకోవాలనుకుంటే మాత్రం దీన్ని మించింది లేదు. మా సైనోడాంటిస్‌లు రెండూ తెల్లవారుజామున మూడింటికి గుహ కోసం కొట్లాడుకుంటాయని దీంతోనే తెలిసింది.

చేపను బట్టి చెప్పమంటే: కుహ్లీలకు ముదురు ఎరుపు, లేదా జీరో బల్బు. సక్కర్, బ్రిసిల్‌నోజ్‌లకు జీరో బల్బు. బ్లాక్ ఘోస్ట్ మొత్తం నల్లనే, తోక దగ్గర తెల్ల పట్టీలు తప్ప, అందుకే దానికి వెనక నుంచి వచ్చే వెలుతురు కావాలి, లేత ఇసుకో తెల్ల బ్యాక్‌గ్రౌండో ఉంటే ఆ రిబ్బను రెక్క అలలు తిరగడం నీడబొమ్మలా కనిపిస్తుంది, ఇక్కడ నీలం కూడా బాగుంటుంది. అది కళ్ల మీద ఆధారపడేది తక్కువ, ఒంటి నుంచి సన్నని విద్యుత్తు పంపి చుట్టూ ఏముందో తెలుసుకుంటుంది. సైనోడాంటిస్ తలకిందులుగా నీటి పైభాగంలో మేస్తుంది కాబట్టి పైనుంచి పడే లైటు దాని పొట్ట వైపు పడుతుంది, అందుకేనేమో దాని పొట్టే వీపు కంటే నలుపు. పక్కనుంచి లైటు పెడితే బాగా చూడొచ్చు. జెల్లలు మీసాలతో తడుముకుంటూ తిరుగుతాయి, కాస్త అలవాటైతే మసకలో ధైర్యంగానే వస్తాయి, పట్టుకునేటప్పుడు మాత్రం రెక్క ముల్లు జాగ్రత్త. క్లౌన్ లోచ్‌లకు అసలు రాత్రి లైటే అవసరం లేదు, సందెవేళ వాటంతట అవే తిరుగుతాయి.

ఏ లైటైనా తెల్లవార్లూ వద్దు. జర్మనీలో పెర్చ్ అనే మంచినీటి చేపల మీద చేసిన ప్రయోగాల్లో రాత్రిపూట ఒక్క లక్స్ వెలుతురుకే, రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోను తగ్గినట్టు తేలింది, అంటే వాటికి రాత్రి రాత్రిలా అనిపించడం మానేసింది. అదే ట్యాంకులో పగటి చేపలు కూడా ఉంటాయి కదా, వాటికి నిద్ర కావాలి. మా ఇంట్లో తొమ్మిదింటికి ట్యాంకు లైటు ఆరుతుంది, హాల్లో ట్యూబ్‌లైటు ఇంకో అరగంట ఉంటుంది, తర్వాత జీరో బల్బు ఒక్కటే. అన్నీ ఒకేసారి ఆర్పితే చేపలు బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి, మూత లేకపోతే బయటికి కూడా దూకుతాయి. నీళ్లలో మునిగే మేత గుళికలు తొమ్మిదిన్నరకు వేస్తాను, పది నిమిషాల్లో కుహ్లీలు వాసన పట్టి వస్తాయి, రోజూ అదే వేళకు వేస్తే అవీ అదే వేళకు వస్తాయి. పదకొండుకు జీరో బల్బు కూడా ఆరిపోవాలి.

దాన్ని ఆర్పడానికి టైమర్ సాకెట్ కొంటే అంకెలు చూపించే, లోపల చిన్న బ్యాటరీ ఉన్నదే కొనండి. నేను తిప్పుడు చక్రం ఉన్న చవకది కొన్నాను, కరెంటు పోతే ఆ చక్రమూ ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే తిరుగుతుంది. మొన్న గాలివానకు సాయంత్రం మూడు గంటలు కరెంటు లేదు, పదకొండింటికి ఆరాల్సిన బల్బు ఆ రాత్రి రెండింటి దాకా వెలుగుతూనే ఉంది, సైనోడాంటిస్‌లు రెండూ గుహలోంచి మూతులు బయటపెట్టి అది ఎప్పుడు ఆరుతుందా అన్నట్టు చూస్తున్నాయి.